అంబులెన్సులో ప్రమోషన్

అక్టోబరు 31, శుక్రవారం సాయంత్రం 4.05కి, గుమాస్తా దయారత్నం పోయారని ఆయన ఆఫీసుకు కబురు అందింది. ఆ సమయానికి ఆయన కలకత్తా వాట్‌గంజ్‌లో తన ఇంట్లో టీ తాగుతున్నారు.

ఉదయం అనుకున్నది వేరు. ఆ రోజే రిటైర్మెంటు. హెడ్ క్లర్కు ప్రమోషన్ ఫైలు తొమ్మిదేళ్లుగా సూపరింటెండెంటు సన్యాల్ బల్ల మీదే ఉంది. 5.30లోగా ఉత్తర్వు వచ్చి, తను చార్జ్ తీసుకుంటే పెన్షన్ ఆ హోదాలో వస్తుంది. లేదంటే గుమాస్తా పెన్షనే. అందుకని అప్పటిదాకా కుర్చీ దిగకూడదనుకున్నారు.

తోటివాళ్లు దించేశారు. వీడ్కోలు సభ మధ్యాహ్నమే ముగించి, బిర్యానీ పెట్టి, రజనీగంధ దండలు వేశారు. కలకత్తాలో పెళ్లికీ చావుకీ అవే పూలు. ఫైలు సంగతి అడిగితే సన్యాల్ "సోమవారం చూద్దాం" అన్నాడు. ఇంటికి పంపడానికి పిలిచిన కారు రాలేదు. పక్క వీధి క్లబ్బువాళ్ల అంబులెన్సు ఎక్కించారు.

బిర్యానీ మత్తుకు దయారత్నం స్ట్రెచర్ మీద వాలి నిద్రపోయారు. డ్రైవరు పూలు ఆయన మీద సర్దాడు. వాట్‌గంజ్ మలుపులో, చర్చిలో పాటలు పాడే రాబిన్ అంబులెన్సు కిటికీలోంచి అది చూసి, పోయారనుకుని పాస్టరుకు ఫోన్ చేశాడు. పాస్టరు ఆఫీసుకు చేశారు.

4.20కి దయారత్నం భార్య విజయ కుమారి ఫోన్ మోగింది. అవతల సన్యాల్ ఏడుస్తున్నాడు. తొమ్మిదేళ్లు ఆపినందుకు క్షమించమన్నాడు. ఆత్మశాంతి కోసం ఇప్పుడే సంతకం పెట్టానన్నాడు. ఆవిడకు ఏమీ అర్థం కాక ఫోన్ భర్తకిచ్చింది.

"ఉత్తర్వు మీద నంబరు పడిందా దాదా?"

"పడింది. మీరెవరు?"

"దయారత్నాన్ని."

అవతల కెవ్వుమన్న కేక. లైను కట్టయింది. వాకిట్లో చర్చివాళ్ల పాట మొదలైంది.

"ఏటండీ ఇది? బయట మీకోసవే పాడతన్నారు."

"పాడనియ్యే. ముందు నా పెన్నేదో సూడు."

టీ తాగుతున్న డ్రైవరును లేపి దయారత్నం అంబులెన్సు ఎక్కారు. పాస్టరూ రాబినూ కూడా ఎక్కారు.

"ఓసారి నన్ను లేపి సూడొచ్చు కదరా రాబినూ?"

"పడుకున్నోళ్లని లేపడం ఎందుకని, బావా."

సైరన్‌కు దారి దొరికింది. 5.19కి ఆఫీసు చేరేసరికి హాల్లో సంతాప తీర్మానం చేసి మౌనం పాటిస్తున్నారు. దయారత్నం కూడా మౌనం ముగిసేదాకా తల వంచుకుని నిలబడ్డారు. తల ఎత్తిన సన్యాల్ ఉత్తర్వు రద్దు చేయాలన్నాడు. అందుకు డైరెక్టరు సంతకం కావాలి. డైరెక్టరు సెలవులో ఉన్నారు.

"సోమవారం చూద్దాం దాదా," అన్నారు దయారత్నం.

5.24కి హెడ్ క్లర్కుగా చార్జ్ తీసుకున్నారు. 5.30కి రిటైరయ్యారు. ఆ ఆరు నిమిషాల్లో ఆయన సంతకంతో బయటికి వెళ్లిన కాగితం ఒక్కటే: తన సంతాప తీర్మానం రద్దు.