రంపపుపొట్టు గది

ఆ రోజు ఉదయం కలప అడితి యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కల వ్యాను తమ వీధికి వచ్చేలోపు తన కుక్కను రంపపుపొట్టు గదిలో పెట్టి తాళం వేయాలి. భార్య అడిగితే కనబడటం లేదనాలి. వ్యాను పోయాక బయటికి తీయాలి. అంతే.

అతనికి లోకంలో నమ్మకమున్న ప్రాణి ఆ కుక్క ఒక్కటే. దాన్ని పోలీసమ్మ అని పిలుచుకుంటాడు. కొంతకాలంగా అడితిలో వస్తువులు మాయమవుతున్నాయి. మొదట కొలతటేపు పోయింది. తర్వాత కొయ్యసుత్తి, పొట్టు ఊడ్చే చీపురు, చివరికి అతని కొత్త తోలుచెప్పుల్లో ఎడమకాలిది. ఇదంతా పక్కింట్లో ఉండే బావమరిది పనేనని అతను ఏనాడో తేల్చేసుకున్నాడు. బావమరిది వడ్రంగి. వడ్రంగికి టేపు కావాలి, సుత్తి కావాలి. మరి ఒంటిచెప్పు ఎందుకన్న అనుమానం వచ్చింది గాని, అలాంటివాడికి ఏదో ఉపయోగం ఉండే ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

ఇప్పుడా బావమరిదే, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే డాక్టరమ్మను ఊళ్ళోకి పిలుచుకొచ్చాడు. పైగా తన షెడ్డు కూడా ఇచ్చాడు. అనుమానించడానికి ఇంకేం కావాలి?

"చాలా చవగ్గా చేస్తున్నారండీ. మందులు కూడా వాళ్ళే ఇస్తారట," అంది భార్య ముందురోజు.

"ఎందుకు చవగ్గా చేస్తున్నారు?"

"మనలాంటివాళ్ళు ఇచ్చుకోలేరని."

"మనం ఇచ్చుకోలేకపోతే వాళ్ళకెందుకే ఏడుపు? నా అడితిలో చెక్క కొనేవాడెవడైనా ఇచ్చుకోలేనంటే నేను తగ్గిస్తున్నానా?"

"పోయిన ఈతలో పుట్టిన పిల్లలు సగం లారీల కింద పడి పోయాయి. వాటిని ఎత్తి పాతిపెట్టింది నేను, మీరు కాదు."

అతను మాట మార్చాడు. "ఆపరేషనైతే కుక్క చప్పబడిపోతుంది. దొంగను చూసి తోకాడిస్తుంది. అప్పుడు మీ తమ్ముడు దూలాలు మోసుకుపోయినా అడ్డుండదు. ఇది వాడి ఎత్తు."

"ఎత్తులు వేసే తెలివే ఉంటే వాడు మీ పక్కన ఇల్లెందుకు కొంటాడు?" అని ఆమె లోపలికి పోయింది.

తెల్లవారగానే అతను పోలీసమ్మను ఆ గదికి తీసుకెళ్ళాడు. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే గదే. అది గింజుకుంటుందనుకున్నాడు గాని, పుట్టింటికి వచ్చినట్టు నేరుగా మూలకు పోయి పొట్టులో పడుకుంది. తాళం వేసుకుని ఇంటికొచ్చి, "పోలీసమ్మ కనబడట్లేదే," అన్నాడు.

అక్కడే లెక్క తప్పింది. భార్య నోరు నొక్కుకుని ఊరుకునే మనిషి కాదు. గోల చేసింది. బావమరిది పరుగున వచ్చాడు. "ఏడవకే అక్కా. బావా, నువ్విటు వెతుకు, నేనటు పోతాను. గట్టిగా పేరు పెట్టి పిలువు!"

పిలిస్తే గదిలోంచి అది పలుకుతుంది. అందుకని అతను అడితి చుట్టూ తిరుగుతూ, గొంతు పట్టేసినవాడిలా, పక్కనున్న చెక్కకు కూడా వినబడనంత మెల్లగా పిలిచాడు. అయినా అది పలికింది. అతను గబగబా గట్టిగా దగ్గాడు.

ఇంతలో గది ముందుకు ఒక మగకుక్క వచ్చి కూర్చుంది. తర్వాత రెండోది. చూస్తుండగానే వీధివీధినుంచీ బారులు తీరాయి. వాటిలో పొరుగూరివి కూడా ఉన్నాయి. 'బావమరిది మాంసం చల్లాడు. జాడ కనిపెట్టడానికి కుక్కల్ని పురమాయించాడు' అనుకుని కర్ర విసిరాడు. ఒక్కటీ కదల్లేదు. లోపల పోలీసమ్మ కుంయ్యిమంటుంటే బయట ఇవి ఊళ అందుకున్నాయి.

దాని నోరు మూయిద్దామని తాళం తీసి లోపలికి దూరి తలుపు లాక్కున్నాడు. ఆ తోపులాటలో బయట గోడకు ఆనించిన పలకలు దభాలున పడి తలుపుకు అడ్డంగా కూర్చున్నాయి. తలుపేమో బయటికి తెరుచుకునేది. తోశాడు. కదల్లేదు. అరుద్దామంటే కుక్కను తానే దాచానని ఊరంతా తెలుస్తుంది. ఊరికి తెలిసినా ఫరవాలేదు, భార్యకు తెలిస్తే తిండి పుట్టదు. నోరు మూసుకుని చీకట్లో కూర్చున్నాడు. నోరు మూసుకోవచ్చు గాని ముక్కు వింటుందా? పొట్టు ఎక్కి వరసపెట్టి తుమ్మాడు.

"ఒరేయ్ తమ్ముడూ! గదిలో దొంగ! కుక్కలు చుట్టుముట్టాయి!" అని భార్య కేకపెట్టింది.

బావమరిది వ్యాను మనుషుల్ని వలలతో సహా తీసుకొచ్చాడు. రెండు రోజులుగా సందుల్లో పరిగెత్తించినా చిక్కని కుక్కలన్నీ అక్కడ గదివైపు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ కాయ కోసినట్టు పట్టి వ్యాను ఎక్కించారు. తర్వాత పలకలు తీసి తలుపు లాగారు. తలనుంచి కాళ్ళదాకా పసుప్పచ్చటి పొట్టుతో ఒక ఆకారం బయటికి దూకింది. వల పడింది.

"నీ వల తగలెయ్య! నీ వ్యాను తగలెయ్య!"

"ఆగండాగండి, అది మా బావ!" అన్నాడు బావమరిది.

"గుర్తుపట్టేలా లేరు, నమ్మకమేంటి?" అంది డాక్టరమ్మ.

"ఆ తిట్లు ఆయనవేనండీ."

వలలోనే ఉన్న అతనికి డాక్టరమ్మ దణ్ణం పెట్టింది. "ఎదకొచ్చిన కుక్కను గదిలో పెడితే మగవన్నీ ఒకచోటికి చేరతాయని మాకే తట్టలేదు. మీ పుణ్యమా అని ఊరి పని సగం అయిపోయింది."

భార్య మాత్రం దణ్ణం పెట్టలేదు. "కనబడట్లేదన్నారు?" అంది.

అతను వలలోంచి బయటపడే పనిలో పడ్డాడు. ఇంతమంది చుట్టాలు వచ్చిన సంబరంలో పోలీసమ్మ తన మూలలో పొట్టు తవ్వి, తోలుచెప్పు తెచ్చి డాక్టరమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. ఎడమకాలిది. మళ్ళీ వెళ్ళి కొయ్యసుత్తి తెచ్చింది. మరోసారి వెళ్ళి, నమిలి నమిలి అంకెలు పోయిన కొలతటేపు ఈడ్చుకొచ్చింది. చీపురు పుల్లలుగానే వచ్చింది.

బావమరిది ఒక్కొక్క వస్తువునూ చూశాడు. తర్వాత బావను చూశాడు. "బావా, నెలరోజులుగా నువ్వు నా షెడ్డులోకి తొంగిచూస్తున్నది వీటి కోసమా?"

అతను కుక్క మెడకు తాడు కట్టి తనే వ్యాను దగ్గరికి నడిపించాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించి అడిగాడు. "డాక్టరమ్మా, ఆపరేషనైతే దీని బుద్ధి మారుతుందా?"

"అయ్యో, ఆ భయమేం పెట్టుకోకండి. ఒళ్ళు బాగుంటుంది, పిల్లలు పుట్టరు. బుద్ధి మాత్రం ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది."

నిన్న ఈ మాట విని ఉంటే అతను ఎగిరి గంతేసేవాడు. ఇవాళ వంగి కాళ్ళకున్న చెప్పులు చూసుకున్నాడు.

పోలీసమ్మ కుట్లు మానిపోయి మళ్ళీ కాపలాకు వచ్చేసింది. అప్పటినుంచి అతను చెప్పులు బావమరిది ఇంట్లో విడిచి అడితికి వస్తున్నాడు.