ఇరవై తొమ్మిదో తారీఖు మాత్ర

ఆ ఉదయం మాంటెవిడియోలో నది మీది మంచు మెల్లగా కిటికీ దాటి వంటింట్లోకి వచ్చింది. నేలిదా తన కుక్క ఫిదేయో ఛాతీకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. గుండె చప్పుళ్ళ మధ్య సన్నగా 'స్‌స్‌', అల వెనక్కి జారుతున్నట్టు. వాడికి దగ్గు లేదు, ఆయాసం లేదు. అయినా పశువుల డాక్టరు స్కాన్ తీసి, గుండె పెరిగిందనీ, కష్టం బయటపడకముందే మందు మొదలుపెడితే ఇంకొంత కాలం హాయిగా ఉంటాడనీ, ఒక్క పూట కూడా తప్పకూడదనీ చెప్పింది. ఫిదేయో లేని ఇల్లు నేలిదా ఊహకు అందలేదు.

"గెంతుతున్న కుక్కకి మందేంటే ముసలీ? నన్ను చూడు. దగ్గానా? రొప్పానా? డాక్టరు మొహం చూసి పదేళ్ళయింది!" అన్నాడు మొగుడు ఎల్బియో, మాతే తేనీరు పీలుస్తూ.

మాత్ర ఎందులో పెట్టినా ఫిదేయో ఉమ్మేస్తాడు. ఆ రోజు ఇరవై తొమ్మిది, డబ్బు కలిసిరావాలని నెలనెలా ఊరంతా పళ్ళెం కింద నాణెం పెట్టుకుని న్యోకీలు, అంటే ఉడికించిన బంగాళాదుంప పిండి ఉండలు, తినే రోజు. నేలిదా ఒక న్యోకీ ముద్దలో మాత్ర దాచి, సాసర్లో విడిగా పెట్టి, మంచు చూస్తూ మైమరచిపోయింది.

భోజనాలయ్యాక గుర్తొచ్చింది. "సాసర్లో న్యోకీ ఏది?"

"ఒంటరిగా ఉందని గిన్నెలో వేశా. సాయం చేసినా తప్పేనా?" అన్నాడు ఎల్బియో.

అప్పటికే మూడు పళ్ళేలూ ఖాళీ. భోజనానికి వచ్చిన పక్కింటి ఒఫేలియా ఫోర్కు వదిలేసింది. "అమ్మో! కుక్క మందు తిన్నానా? నా గుండె తేలిపోతోందే నేలిదా! మేఘాల్లో ఉన్నట్టుంది!"

"అది రెండో గ్లాసు వైనులే!" అని నవ్వుతూ ఎల్బియో తన ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. "నాదీ ఏదోలా ఉందే... ఫోన్ చెయ్యి!"

అంబులెన్సు డాక్టరమ్మ వచ్చేసరికి ఒఫేలియా సోఫాలో పడుకుని, తన పూలకుండీలు ఎవరికివ్వాలో కలవరిస్తోంది. "లేవండమ్మా, గుండ్రాయిలా ఉన్నారు," అంది డాక్టరమ్మ. ఎల్బియో ఛాతీ మీద మాత్రం స్టెతస్కోపు చాలాసేపు ఉంచింది.

అంతలో ఫిదేయో బల్ల కిందనుంచి వచ్చి, మెత్తబడ్డ మాత్రను ఆమె బూటు మీద ఉమ్మాడు.

"తింటూ తింటూ వాడికొకటి పడేశాలే," గొణిగాడు ఎల్బియో.

"అంటే మందు ఎవరి కడుపులోకీ పోలేదు. మరి పెద్దాయనా, మీ గుండెలో ఈ చప్పుడేంటి?"

"నాకు దగ్గు లేదు, ఆయాసం లేదు..."

నేలిదా డాక్టరమ్మను పక్కకు నెట్టి మొగుడి ఛాతీకి చెవి ఆనించింది. అదే 'స్‌స్‌'. ఆమెకు ఏడుపు ఆగలేదు. "నోరు మూసుకుని రేపు స్కాన్‌కి పద! నువ్వు లేని ఇల్లూ నాకొద్దు."

"ముదరకముందే దొరికింది, అదృష్టవంతులు," అంది డాక్టరమ్మ బూటు తుడుచుకుంటూ.

మరుసటి నెల ఇరవై తొమ్మిదికి సాసర్లో రెండు న్యోకీలు విడిగా ఉన్నాయి. ఫిదేయో మింగడం నేర్చుకున్నాడు. ఎల్బియో ఇంకా ఉమ్ముతూనే ఉన్నాడు.