పిడుగు బుద్ధిగా ఉన్న రోజు

సాయంత్రం అయిదింటికి ఆడిషన్ ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. అందులో ఏం మాట్లాడాలో పిడుగు తల్లి పొద్దున్న ఆరింటి నుంచే పొయ్యి దగ్గర నిలబడి వల్లె వేసుకుంటోంది. కూతురికి పదహారేళ్ళు. ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు. రెండేళ్ళలో ఏడు సినిమా ఆడిషన్లకు వెళ్ళి, ఏడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఎనిమిదోది కూడా పోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదని తండ్రి తేల్చేశాడు. తల్లి చదువు సంగతి కూడా ఎనిమిదో తరగతిలో పుట్టింటివాళ్ళు ఇలాగే తేల్చేశారు. ఆమె అది మరిచిపోలేదు. అందుకే ఈ పరీక్ష కూతురికన్నా ఆమెకే పెద్దదైంది.

"ఒక మేడమ్ ఫోన్ చేసి నా గురించి అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు," అని ముందురోజే చెప్పింది పిడుగు.

ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంకేమైనా ఉందా? పదింటిదాకా లేవదనీ, తడి తువ్వాలు మంచం మీదే పారేస్తుందనీ చెప్పుకోవాలా? నడవడిక గురించి అడుగుతారు కాబోలనుకుని, ఆ తల్లి నాలుగు మంచి మాటలు కూర్చిపెట్టుకుంది.

"ఏమైనా సాయం చెయ్యనా అండీ?"

వెనకనుంచి వచ్చిన ఆ మాటకు ఆమె చేతిలో గరిటె జారిపడింది. గుమ్మంలో పిడుగు నిలబడి ఉంది. తల నున్నగా దువ్వుకుంది. గడియారం ఇంకా ఆరుంబావు దాటలేదు. లోపల మంచం మీద దుప్పటి అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉంది.

"ఇంత పొద్దున్నే లేచావేంటే?"

"మెలకువ వచ్చిందండీ. మీరు ఏమైనా తిన్నారా?"

మీరు! పదహారేళ్ళలో ఆ నోట రాని మాట. ఎవరో చల్లటి చెయ్యి వీపున ఆనించినట్టయింది ఆమెకు. నటిస్తోందేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ పిడుగు నటన ఆమె ఎరగనిదా? అది నటించిందంటే ఏడుపులు, పెడబొబ్బలు. ఏమైందోనని పక్కింటివాళ్ళు పరిగెత్తుకు రావాల్సిందే. ఇంత చప్పుడు లేకుండా ఉండటం ఆ పిల్ల వల్ల అయ్యే పని కాదు.

అత్తగారు మాత్రం మురిసిపోయింది. "ఇన్నాళ్ళకు నా పోలిక బయటపడిందే కోడలా!"

ఆ మురిపెం తొమ్మిదింటిదాకా నిలిచింది. తండ్రి అప్పటికే బస్సు డిపోకు వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. పిల్ల నాలుగు కంచాలు పెట్టింది.

"నాలుగోది ఎవరికే?" అంది నాయనమ్మ.

"మీ మనవరాలికండీ."

"మరి నువ్వెవరివే?"

పిల్ల నవ్వింది. రెప్ప వెయ్యలేదు. "తను పడుకుంది. కాసేపు నన్ను ఉండమంది."

"ఇది నా పోలిక కాదే కోడలా!" అంటూ అత్తగారు స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకుంది. ఆవిడకు మధ్యాహ్నం కాఫీ వెంటిలేటర్‌లోంచి అందించాల్సి వచ్చింది.

తల్లి వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. "పిల్ల అదోలా ఉందండీ. ఇల్లు తుడుస్తోంది. పిలిస్తే వెంటనే పలుకుతోంది."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు? పిల్ల బుద్ధిగా ఉంది, సెలవిమ్మని అడగనా? డిపోలో అందరూ నవ్విపోతారు," అని పెట్టేశాడాయన.

పన్నెండింటికి కొలతలు తీసుకోవడానికి పక్కవీధి టైలరమ్మ వచ్చింది. పిల్ల బుద్ధిగా చేతులు చాపి నిలబడింది. "కాస్త వదులుగా కుట్టండి. ఈ ఒళ్ళు నాకింకా అలవాటు కాలేదు," అంది. టైలరమ్మ కత్తెర వదిలేసి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. ఆ కత్తెరనూ, వంటింటి కత్తులనూ తల్లి బియ్యం డబ్బా అడుగున దాచేసింది.

ఇక మిగిలింది ఒక్కటే పరీక్ష. "నీ ఫోన్ ఛార్జర్ నేనే దాచేశాను," అంది గుండె చిక్కబట్టుకుని.

"మంచి పని చేశారండీ."

పిల్ల అద్దం ముందు నిలబడి, కొత్త బట్ట నాణ్యం చూసినట్టు తన చెంప తడిమి చూసుకుంటోంది.

అయిదింటికి ఫోను మోగింది. ఎదురుగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పిల్ల కూర్చుంది.

"మీ అమ్మాయిలో ఇవాళ ఏమైనా మార్పు కనిపించిందా అండీ?" అంది మేడమ్.

నిజం చెబితే దయ్యం పట్టిన పిల్ల అని ముద్ర పడిపోదూ? ఆ తర్వాత ఆ ఆఫీసు గుమ్మం ఎవరు తొక్కనిస్తారు? ఆమె ఏడుపు దిగమింగుకుంది.

"మా... మార్పా? అబ్బే, ఏం లేదండీ! పుట్టినప్పట్నుంచీ ఇంతే. ఆరింటికల్లా లేస్తుంది. దుప్పటి మడతపెట్టడం దానికి ఉగ్గుపాలతో వచ్చిందండీ."

"కోడలా, అది వెళ్ళిపోయిందా?" అని స్నానాలగదిలోంచి కేక వినిపించింది.

"టీ... టీవీ అండీ," అందామె.

ఫోను అటు పెట్టేశారో లేదో, పిల్ల ముఖంలో నవ్వు ఊడిపడింది. "ఎంత పని చేశావే అమ్మా! నా కొంప ముంచేశావు కదే!"

ఆ తిట్టు చెవిన పడగానే తల్లికి ప్రాణం లేచొచ్చింది. కూతుర్ని వాటేసుకుని భోరుమంది. ఆ కౌగిట్లోంచే పిడుగు అసలు సంగతి వెళ్ళగక్కింది. ఒక పిల్ల ఒంట్లో ఇంకో పిల్ల చేరే వేషం అది. ఒక్కరోజు ఇంట్లో అలా ఉండి తల్లిని నమ్మించాలి. అయిదింటికి తల్లి చెప్పే మాటకే మార్కులు. తల్లికి ముందే తెలిస్తే ఆట చెల్లదు.

"ఎనిమిదోది కూడా పోయిందమ్మా," అని పిడుగు ఏడ్చింది. అరుపుల్లేవు, పెడబొబ్బల్లేవు. ఉత్త కన్నీళ్ళు.

ఆమె ఫోను తీసింది. పుట్టి బుద్ధెరిగి ఏ ఆఫీసుకూ తనంతట తను ఫోన్ చేసి ఎరగదు. "మేడమ్, నేను అబద్ధమాడానండీ. పొద్దుట్నుంచీ నా ఇంట్లో ఇంకెవరో పిల్ల తిరిగింది. కత్తులు బియ్యంలో దాచానండీ. మా అత్తయ్య ఇంకా స్నానాలగదిలోనే ఉంది. తప్పు నాదండీ, దానిది కాదు..."

మేడమ్ మధ్యలోనే అడ్డుకుంది. "అమ్మా, మీకు ముందు పదకొండు మంది తల్లులతో మాట్లాడాను. పిల్ల పూర్తిగా మారిపోయింది, హడలిపోయామని అందరూ బట్టీపట్టినట్టు అప్పజెప్పారు. ఒక్కరి గొంతూ వణకలేదు. మీరొక్కరే ఏ మార్పూ లేదన్నారు. మీ పళ్ళు టకటకలాడటం ఇక్కడిదాకా వినిపించింది. మీరిప్పుడు ఫోన్ చెయ్యకముందే ఆ వేషానికి మీ అమ్మాయి పేరు రాసేశాను."

మర్నాడు పిడుగు పదింటికి లేచింది. కాఫీ చల్లారిందని విసుక్కుంది. తలుపు ధడేల్మని వేసింది. సీరియల్ చూస్తున్న నాయనమ్మ చేతిలోంచి రిమోట్ లాక్కుంది. తన పిల్ల తనకు దక్కిందని ఆ తల్లి కళ్ళు ఒత్తుకుంది.

ఆ ఆనందం పది నిమిషాలుంది. పదకొండో నిమిషంలో ఆమె, షూటింగ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగింది.