రాజుగారి గుహ నుంచి వచ్చినవాళ్లు

ఒక పెద్ద అడవిలో తేనెకి కూడా ఒక ఆఫీసుండేది. వానాకాలంలో పిల్లల కడుపు మాడకూడదని అందరూ తెచ్చిన తేనెని ఒక లోతైన గుహలో దాచేవాళ్లు. లోపల చీకట్లో అడవిదున్న కాపలా. బయట గుమ్మం దగ్గర చిలుక. ఎవరొచ్చినా చిలుక లోపలికి కేకేయాలి, వచ్చినవాళ్లు గుర్తుమాట చెప్పాలి. అప్పుడే దున్న పక్కకి జరిగేది.

ఈ గుర్తుమాట చెప్పడం రాజుగారి చుట్టాలకి నామోషీ అయింది. "మా తేనెకి మమ్మల్నే నిలదీస్తారా?" అని ఎలుగుబంటి రాజుగారి బావమరిది గోల పెట్టాడు.

మంత్రి కొండముచ్చు వెంటనే కొత్త రూలు తెచ్చాడు. "రాజుగారి గుహ నుంచి వచ్చేవాళ్లకి గుర్తుమాట అక్కర్లేదు. మిగతావాళ్లకి మామూలే."

దున్న బిక్కమొహం వేసింది. "ఈ చీకట్లో నాకెవరి మొహమూ కనబడదయ్యా. ఎక్కణ్ణుంచి వచ్చారో ఎలా తెలుస్తుంది?"

"చిలుక చెబుతుందిగా!"

"చిలుకకెలా తెలుస్తుంది?"

"వచ్చినవాళ్లే చెబుతారు. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది?" అని మంత్రి మెళ్లో దండ వేయించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే నక్క వచ్చింది.

"ఎక్కణ్ణుంచి?" అంది చిలుక.

నక్క అటూ ఇటూ చూసింది. "రాజుగారి గుహ నుంచి."

"రాజుగారి గుహ నుంచీ!" అని చిలుక లోపలికి కేకేసింది. దున్న దారి ఇవ్వడమే కాదు, వంగి దండం కూడా పెట్టింది.

ఈ సంగతి నక్క తన తోడల్లుడి చెవిన వేసింది. తోడల్లుడు అందరి చెవినా వేశాడు. కొన్నాళ్లకి అడవిలో సగం జనం రాజుగారి గుహ నుంచే రావడం మొదలెట్టారు.

"అబ్బ, రాజుగారిది ఎంత పెద్ద కుటుంబమో!" అని దున్న మురిసిపోయింది.

అంతలో పక్క కొండలు చూడబోయిన రాజుగారు వానలో తడిసి, ఆకలితో నకనకలాడుతూ తిన్నగా తేనె గుహకే వచ్చారు.

"ఎక్కణ్ణుంచి?"

"పక్క కొండల నుంచి."

"అయితే గుర్తుమాట చెప్పండి."

రాజుగారికి దాంతో ఎప్పుడూ పని పడలేదు. "ఒరే, నేనురా! రాజుని!"

"ఎవరన్నది నేనడగనండీ. ఎక్కణ్ణుంచన్నదే అడుగుతాను," అంది చిలుక మర్యాదగా.

రాజుగారు వానలోనే నిలబడ్డారు. ఆయన్ని రాసుకుంటూ నక్క కుండతో లోపలికి దూరింది. అడుగున మిగిలింది కూడా ఊడ్చుకుని బయటికొస్తూ, తడిసి ముద్దయిన ఆ ఎలుగుబంటిని చూసి జాలిపడింది.

"కొత్తా? రాజుగారి గుహ నుంచి అని చెప్పండి, పంపించేస్తారు."

రాజుగారు అలాగే చెప్పారు. దున్న దండం పెట్టింది. లోపల అన్నీ ఖాళీ కుండలే.

ఆ వానాకాలమంతా అడవిలో పిల్లలు చేదు దుంపలు నమిలి ఏడ్చారు. మంత్రి గట్టి చర్య తీసుకున్నాడు. ఇకనుంచి చిలుక "నిజంగానా?" అని కూడా అడగాలి.

నీతి: ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగితే నిజం చెప్పకు, బయటే ఉండిపోతావు.