జూలై ఒకటిన పుట్టినవాళ్లు

మారేడ్‌పల్లిలో ఆ ఉదయం ఇంటి నుంచి బయలుదేరుతూ వసుధ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరికీ హాని చెయ్యని పాఠం ఒకటి చెప్పాలి, యజమానిని మెప్పించాలి, ఏడాది కాంట్రాక్టు చేతిలో పెట్టుకుని ఇంటికి రావాలి. మంచి ఉద్యోగం మానేసి సొంతంగా శిక్షణలు మొదలుపెట్టిందామె. "నీకేం తక్లీఫ్ అయిందని నౌకరీ ఇడిసిపెట్టినవ్?" అని అత్తగారు లచ్చమ్మ కాఫీతోపాటు రోజూ అడుగుతూనే ఉంది. ఇదీ జారిపోతే మళ్లీ పాత ఆఫీసు గడప తొక్కక తప్పదు.

ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఉన్న ఆ కంపెనీలో కరెంటు ప్యానెళ్లు తయారుచేస్తారు. సిబ్బంది కబుర్లు, ఫైళ్లు, సెలవులు అన్నీ ఒకేచోట నడవాలని యజమాని వెంకటరత్నం ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కొన్నాడు. కొన్నాక అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప మరేమీ కదల్లేదు. దాని మీద పనికొచ్చే యాప్‌లు కట్టడం కంప్యూటర్ విభాగం కుర్రాళ్లకు నేర్పమని వసుధను పిలిపించాడు.

ఆమె ఎంచుకున్న పాఠం పుట్టినరోజు యాప్. అంతకన్నా సాధువైన పాఠం లోకంలో ఉండదని ఆమె నమ్మకం. ఆ రోజు పుట్టినవాళ్లను అది ఆఫీసు రికార్డులో వెతికి పట్టుకుంటుంది, శుభాకాంక్షలు చెబుతుంది. పుట్టినరోజున మధ్యాహ్నం సెలవు అని కంపెనీ నిబంధనల్లో ఎప్పుడో రాసి మరిచిపోయిన మాట ఒకటుంది కాబట్టి, ఆ సెలవూ ఇచ్చేస్తుంది. ఆ పూట వాళ్లను కలవవలసినవాళ్లకు ఇవాళ రావద్దని మెసేజ్ పెడుతుంది. ముందు ఉత్తుత్తి పేర్లతోనే పరీక్షించాలని వసుధ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది కూడా.

సరిగ్గా అప్పుడే వెంకటరత్నం తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమండీ, ఇది నిజంగా పనిచేస్తుందా, చూసుకోడానికేనా?"

"అసలు రికార్డు మీదే చూపిద్దాం మేడమ్," అన్నాడు ముందు వరుసలోని సత్యదేవ్. "ఇవాళ పుట్టినవాళ్లు మహా అయితే ఒకళ్లో ఇద్దరో ఉంటారు."

కాంట్రాక్టు కళ్లముందు ఆడుతుంటే బోర్డు మీది రాత ఎవరికి కనిపిస్తుంది? వసుధ బటన్ నొక్కింది. మొదట మోగింది వెంకటరత్నం ఫోనే.

"నాకు హ్యాపీ బర్త్‌డే అంటోందేమిటండీ? నేను మాఘమాసంలో కదా పుట్టింది." ఆయన కాస్త ఆలోచించి గొంతు తగ్గించాడు. "బళ్లో వేసేటప్పుడు మా హెడ్మాస్టారు జూలై ఒకటి అని రాసేశారులెండి."

అలా రాసింది ఆ ఒక్క హెడ్మాస్టారే అయితే బాగుండేది. పిల్లాడెప్పుడు పుట్టాడయ్యా అంటే బర్రె ఈనిన మర్నాడని చెప్పే తల్లిదండ్రులతో వేగలేక, ఆ కాలపు పంతుళ్లు చాలామంది అదే తేదీతో పని కానిచ్చారు. ఆసుపత్రిలో పుట్టి, నిమిషాలతో సహా జాతకం రాయించుకున్న వసుధకు ఆ సంగతి తెలియదు. షెడ్డులోని పనివాళ్లందరూ ఆ పంతుళ్ల చేతుల మీదుగా పుట్టినవాళ్లే. గోడ అవతల ఫోన్లు వరసగా మోగడం మొదలుపెట్టాయి.

భోజనాల గంట కొట్టేసరికి షెడ్డు షెడ్డంతా టిఫిన్ డబ్బాలు సర్దుకుని గేటు దగ్గర నిలబడింది. వెంకటరత్నం పరుగున వచ్చాడు, ఆయన వెనకే వసుధ.

"మూడింటికి పార్టీవాళ్లు సరుకు చూడ్డానికొస్తున్నారండీ. ముందా సెలవులు రద్దు చెయ్యండి."

"సెలవివ్వడం ఇవాళ్టి పాఠం సార్," అంది వసుధ నీళ్లు నములుతూ. "రద్దు చెయ్యడం రేపటిది."

ఆయన ఇక ఆమెను నమ్ముకోదలచలేదు. "నిజంగా ఇవాళ పుట్టినవాళ్లు మాత్రం వెళ్లండి. మిగతావాళ్లు లోపలికి నడవండి."

ఎవరూ కదల్లేదు. సూపర్‌వైజర్ భద్రయ్య ముందుకు వచ్చాడు.

"అందరం ఇయ్యాలే పుట్టినం సార్."

"అదెలాగయ్యా?"

"కాయితంల గట్లనే ఉన్నది గద. ఇయ్యాల కాదని మేమే చెప్తే, రేపు పింఛన్ ఇచ్చేటోళ్లు ఊకుంటరా? మీది సుత గదే తారీఖని ఫోన్‌ల వచ్చింది. మీరు కాదనుండ్రి, మేం సుత కాదంటం."

వెంకటరత్నం నోరు తెరిచి, తన సర్టిఫికెట్లు గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాడు. వసుధకు అప్పుడు యాప్‌లోని మూడో పని గుర్తొచ్చింది. ఈయనకూ సెలవిచ్చింది యాప్. అంటే సరుకు చూడ్డానికి వచ్చేవాళ్లకూ మెసేజ్ పోయే ఉంటుంది. చెబుదామా వద్దా అని ఆమె తేల్చుకునేలోపే ఆయన ఫోన్ మోగింది.

అవతలివాళ్లు శుభాకాంక్షలు చెప్పారు. పండగపూట ఇబ్బంది పెట్టం, సోమవారం వస్తామన్నారు. ఫోన్ పెట్టేసిన వెంకటరత్నం మొహం ఎర్రబడింది. పెద్ద ఆర్డర్ చేజారినట్టే అనుకున్నాడు. తన కాంట్రాక్టు అంతకు ముందే చేజారిందనుకుంది వసుధ.

"మంచిగయ్యింది సార్," అన్నాడు భద్రయ్య. "ప్యానెళ్ల పెయింట్ ఇంకా ఆరలే. వారం సంది ఒకటే వాన. వాళ్లొచ్చి చెయ్యి పెడితే చేతికే అంటుకుంటుండె. సరుకంత వాపస్ చేస్తుండ్రి."

"మరి ముందే చెప్పలేదేమయ్యా?"

"పొద్దుగాల సంది చెప్దామనే పరేషాన్ అవుతున్న. మీ గుస్సకు భయపడ్డ."

వెంకటరత్నం లోపలికి వెళ్లి ఒక ప్యానెల్‌ను తాకి చూశాడు. వేలికంటిన పెయింటును రుమాలుతో తుడుచుకున్నాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో ఎరుపు లేదు.

"పదండి, అందరూ ఇళ్లకెళ్లండి. సోమవారానికి ఆరతాయి," అన్నాడు. తరవాత వసుధ వైపు తిరిగాడు. "ఏడాదిపాటు మీరే చెప్పాలండీ పాఠాలు. కానీ రేపు పొద్దున్నే ఆ రద్దు చేసే పాఠం అయిపోవాలి."

వసుధకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అత్తగారికి అప్పటికప్పుడే ఫోన్ చేసి చెప్పింది.

మర్నాడు పొద్దున్న, ఇచ్చిన సెలవులు రద్దు చేసే ఆ పాఠం మొదలుపెట్టే వేళకు, ఏం మాయో గానీ, క్లాసులో కుర్రాళ్లందరి ల్యాప్‌టాప్‌లకూ ఒకేసారి ఛార్జింగ్ అయిపోయిందట.