ఏసుమణి పాట పోయిన వారం

శుక్రవారం పొద్దున్న ఫెలిక్స్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఏసుమణి మామ్మ పాట రికార్డు చేయడం, ఆ తర్వాత బస్టాండు దగ్గరున్న తన సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం తెరవడం. చోడవరంలో రికార్డింగు స్టూడియో ఉందంటే బయట ఊళ్లవాళ్లు నమ్మరుగానీ, ఫెలిక్స్ ఇంటి వెనక గదిలో అది ఉంది. బయటి శబ్దం రాకుండా గోడలకు బెల్లం గోనెలు, కిటికీకి పాత బొంత, బల్ల మీద విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు, అందులో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు. వానాకాలంలో ఆ గోనెల వాసనకి పాడేవాళ్లకు ఆకలేస్తుంది.

మరో తొమ్మిది రోజుల్లో వాళ్ల చర్చికి యాభై ఏళ్ల పండుగ. మొదట్లో అది చెరకు తోటల పక్కన ఓ మట్టిగోడల పాక. ఆ గోడలు లేపినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఇప్పుడు మిగిలింది ఏసుమణి ఒక్కతే. మిగతా పదిమంది పేర్లూ చేర్చి ఆవిడ ఒక పాట కట్టింది. చదువు రాదు గనక అది కాగితం మీద లేదు, ఆవిడ నోట్లోనే ఉంది. ఆ నోట్లో ముందుపళ్లు నాలుగు సోమవారం పీకేస్తానని డాక్టరు రోజు పెట్టేశాడు. అందుకే ఈ తొందర. పండుగనాడు ఆ పాట మైకులో వినిపిస్తాననీ, ఇంటింటికీ పెన్‌డ్రైవులో ఇస్తాననీ ఫెలిక్స్ సంఘ పెద్దలందరి ముందూ మాటిచ్చేశాడు.

ఏసుమణి చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, దాని మీద హెడ్‌ఫోన్ పెట్టించుకుని కూర్చుంది. పాడింది. ఫెలిక్స్ అప్పటికి వందల పాటలు రికార్డు చేశాడు గానీ, డెబ్బై అయిదేళ్ల మనిషిలోంచి అంత గొంతు ఎలా వస్తోందో అతనికి అర్థం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పుడో పోయిన మనుషులు ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చి గోనెలకు ఆనుకుని నిలబడ్డట్టు అనిపించింది. పాట అయిపోయాక కూడా మౌస్ మీద చెయ్యి కదల్లేదు. కదిలి ఉంటే సేవ్ బొత్తాం నొక్కేవాడు. మామ్మ టీ కూడా వద్దని, ఏదో పరధ్యానంగా షేరాటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక, పాట వెనక కాస్త హార్మోనియం చేర్చుదామని ఫెలిక్స్ ఒకే ఒక్క బొత్తాం నొక్కాడు. తెర తెల్లబోయింది. మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. అది తిరిగినంతసేపూ అతను దాన్నే చూశాడు. చివరికి సాఫ్ట్‌వేరు తనంతట తనే మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే అందులో ఏమీ లేదు. దుకాణం సంగతి మరిచి సాయంత్రం దాకా వెతికాడు. పోయిన ఫైళ్లు వెతికిపెట్టే ప్రోగ్రాం ఒకటి దింపితే, అది నాలుగేళ్ల కిందట తనే చెరిపేసిన ఎవరివో పుట్టినరోజు ఫొటోలన్నీ పువ్వుల్లో పెట్టి ఇచ్చింది. పాటలో మాత్రం తొమ్మిది సెకన్లు దొరికాయి. అందులో మామ్మ గొంతు సవరించుకుని, "మొదలెట్టీమంటావేటి బాబూ" అని అడుగుతుంది.

మళ్లీ పాడమని అడగొచ్చు కదా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. ముందు పోగొట్టానని ఒప్పుకోవాలి. చర్చి మొత్తానికి మిగిలిన ఒక్క పాటనూ పోగొట్టినవాడు ఏ మొహం పెట్టుకుని ఒప్పుకుంటాడు? భార్య మెర్లిన్ అడిగితే మిక్సింగు జరుగుతోందన్నాడు. శనివారం సాయంత్రం ప్రార్థన కూటంలో మాత్రం ఉండబట్టలేక చెయ్యెత్తాడు.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. పైకి చెప్పుకోలేని కష్టం ఉన్నవాళ్లు ఊరికే చెయ్యెత్తితే చాలు, అదేమిటో అడక్కుండానే అందరూ ప్రార్థిస్తారు. ఆ రోజు రెండు చేతులు లేచాయి. మగవాళ్ల వైపు ఫెలిక్స్‌ది, ఆడవాళ్ల వైపు ఏసుమణిది. పాస్టరు దేవదానం గారు ఇద్దరి కోసమూ గొంతెత్తి ప్రార్థించారు. మామ్మ చెయ్యి పళ్ల గురించేనని అందరూ తేల్చేశారు. ఫెలిక్స్ చెయ్యి దేని గురించో తేలలేదు. అడగకూడదు గనక ఊహించుకోవడమే మిగిలింది.

ఆదివారం ఆరాధన ముగిసేసరికి అది కిడ్నీలో రాయి. భోజనాల వేళకి రాయి మాట పోయి, కిడ్నీయే పోయిందన్నారు. కబురు కె.కోటపాడు చర్చికి చేరేసరికి రెండోదీ పోయింది. ఫెలిక్స్ తిండి మానేసి, కళ్లు పీక్కుపోయి కంప్యూటరు ముందు కూర్చోవడం చూసినవాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. జూడీ పిన్ని మాడుగుల హల్వా తెచ్చి, ఈ పరిస్థితిలో తీపి పనికిరాదని తనే గుర్తు చేసుకుని, అక్కడే కూర్చుని కన్నీళ్లతో తినేసింది. గాజువాక నుంచి మెర్లిన్ అన్న జాబేజ్ సెలవు పెట్టుకుని వచ్చి, తనకు రెండూ బాగానే ఉన్నాయనీ, ఏది కావాలో బావే తేల్చుకోవచ్చనీ అన్నాడు. తనకేమీ లేదని ఫెలిక్స్ ఎంత గట్టిగా చెబితే, అంత గొప్ప విశ్వాసి అని మెచ్చుకున్నారు.

మంగళవారం మెర్లిన్ వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఊరందరికీ తెలిసింది, నాకు తెల్దు. పెళ్లానికి సెప్పుకోలేని రోగం ఏటండీ?"

"రోగం కాదు మెర్లిన్. సాఫ్ట్‌వేరు."

ఆవిడ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తలకి కూడా ఎక్కిందని అన్నకు చెప్పింది.

గురువారం పాస్టరు గారు ఫెలిక్స్ ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టారు. నలభై మంది వచ్చారు. ఎప్పుడో ఒకసారి దుకాణంలో సిమ్ము వేయించుకున్న మనిషి కూడా పని మానుకుని వచ్చి, మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. తన కోసం ఇంతమంది ఏడవగలరని ఫెలిక్స్ ఎన్నడూ అనుకోలేదు. అంతలో ఏసుమణి లేచి వచ్చి, ముందుపళ్లు లేని నోటితో ప్రార్థన చేస్తూ అతని తల మీద చెయ్యి పెట్టింది. ఇక అతని వల్ల కాలేదు.

"నాకే రోగమూ లేదు మామ్మా. మీ పాట పోయింది. నేనే పోగొట్టేను."

జాబేజ్ తన నడుం ఒకసారి తడుముకున్నాడు. ఏసుమణి చెయ్యి తీయలేదు.

"మొత్తం పోనాదా బాబూ? ముక్క కూడా నేదా?"

"తొమ్మిది సెకన్లుంది. మీరు గొంతు సవరించుకున్నది."

"దేవుడికి స్తోత్రం" అని ఏసుమణి ఉన్నచోటే చతికిలబడింది.

శనివారం ఆవిడ చెయ్యెత్తింది పళ్ల కోసం కాదట. చెవులకి ఆ డిప్పలు పెట్టగానే తన గొంతు తనకే వినిపించి, బెదిరిపోయి, పాటలో చిన్నతల్లి పేరు వదిలేసింది. ఆ గోడలకి అందరికంటే ఎక్కువ నీళ్లు మోసిన చిన్నతల్లి. వెంటనే చెబుదామంటే, ఫెలిక్స్ కళ్లలో నీళ్లు చూసి నోరు రాలేదు.

"నోటితో పాడితే రేపు సరి సేసుకుంతాను. మిసన్లో పడితే సిన్నతల్లి మరింక రాదు కదా. దానికి పిల్లా జెల్లా నేరు. నా పాటలో తప్ప దాని పేరు ఇంకెక్కడుంది? అందుకే ఆటోలో కూకున్నప్పుడే అడిగేను, పెబువా, ఆ పాట సెరిపీ అని. సెనివారం మల్లీ అడిగేను."

ఆటో ఎక్కింది ఎన్నింటికో అదే ఆటోలో వచ్చిన జూడీ పిన్నికి గుర్తుంది, పది దాటి అయిదు నిమిషాలు. సాఫ్ట్‌వేరు ఎన్నింటికి కూలిందో కంప్యూటరు రాసిపెట్టుకునే ఉంది. పదీ అయిదు. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, పాట దొరకాలనీ పాట పోవాలనీ తామంతా ఒకే కూటంలో, ఒకే పట్టుదలతో ప్రార్థించామన్నమాట అన్నారు.

ఏసుమణి మళ్లీ పాడతానంది. పళ్లు లేక మాటలు జారతాయేమోనని ఎవరో అంటే, మాటలు జారినా పేర్లు జారవంది. హెడ్‌ఫోన్ వద్దంది. నలభై మందీ గోనెల గదిలో, గుమ్మంలో, పెరట్లో ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. గాలి దూరుతున్న ఆ నోటి నుంచి ఒక్కొక్క పేరూ వస్తుంటే, ఆ పేరు తాలూకు మనవలు తలలు వంచుకున్నారు. చిన్నతల్లి పేరు వచ్చినప్పుడు తల వంచడానికి ఆమెకి ఎవరూ లేరు గనక, నలభై మందీ వంచారు. ఫెలిక్స్ చెయ్యి మళ్లీ కదల్లేదు. సేవ్ బొత్తాం మెర్లిన్ నొక్కింది.

ఇప్పుడు ఫెలిక్స్ ఎవరి పాటనైనా మూడు చోట్ల దాస్తాడు. దానికంటే ముందు, పాడినవాళ్లు దాని గురించి దేవుణ్ణి ఇంకేమైనా అడిగారేమో కనుక్కుంటాడు.