మంత్రిగారి పచ్చదీపాలు

దగ్గరికి జరగండర్రా, అంత దూరాన కూర్చుంటే నా మాట సగమే వినిపిస్తుంది. ఇది ఒక మంత్రిగారి ఘనకార్యం. సగం వింటే ఆయనకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

సంధాన శాఖ మంత్రిగారు ఒకరోజు పొద్దున్నే పత్రికలవాళ్ళను పిలిచి, ఇవాళ్టి నుంచి ప్రభుత్వంలో ఏ ఆఫీసూ ఒంటరిది కాదు, అన్నిటినీ నేను కలిపేశాను అని ప్రకటించారు. ఆయన వెనక గోడకు వరసగా దీపాలు. ఆసుపత్రికొకటి, బడులకొకటి, నీళ్ళ ఆఫీసుకొకటి. అన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క విలేఖరి మాత్రం, కలిపితే ఏమొస్తుందండీ అని అడిగాడు. అతనికి టీ ఇవ్వలేదు.

ఆ దీపాల వెనక పని చేసేది కింది అంతస్తులో కూర్చునే ఆపరేటరమ్మ. బయటి ఆఫీసుల్లో ఉన్న పేర్లూ వివరాలూ తన కంప్యూటర్లోకి తెచ్చుకుని, తప్పులు దిద్ది, ఒకే మనిషి మూడు రకాలుగా ఉంటే ఒకటి చేసి పైకి పంపడం ఆమె ఉద్యోగం. ఒక్కో ఆఫీసుకు ఒక్కో కనెక్షన్. దానికో అడ్రసు, ఒక పాస్‌వర్డు, పక్కన టెస్ట్ అని ఒక బటన్. అది నొక్కితే మన కంప్యూటర్ అవతలి గుమ్మం తట్టి “ఉన్నారా” అంటుంది. అవతలిది “ఉన్నాం” అంటుంది. దీపం పచ్చబడుతుంది. లోపలికి వెళ్ళి సరుకు తెచ్చుకోవడం వేరే పని. మంత్రిగారికి మొదటి పని నచ్చింది.

ఆపరేటరమ్మ ప్రాణమంతా రెండో పని మీదే ఉంది. ఆమె ఆడపడుచు బట్టలు కుట్టే మనిషి. రెండు కళ్ళూ మసకబారి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలుచుకునే స్థితికొచ్చింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. ముందు ఒక కంటికి ఆపరేషన్, ఆ తరవాత రెండోదానికి. ఒక్కోదానికీ వేరువేరుగా ఈ శాఖ మంజూరు కావాలి. ఆసుపత్రిలోని పేర్లు ఆపరేటరమ్మ దగ్గరికి చేరితేనే ఆ మంజూరు. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

మంత్రిగారు ఊరికే కూర్చునే మనిషా? పళ్ళు తోముకోకముందే టెస్ట్ నొక్కేవారు. భోజనానికి ముందొకసారి, చెయ్యి కడుక్కున్నాక ఇంకోసారి. ఇంత మంచి బటన్ను తానొక్కడే అనుభవించడం న్యాయం కాదని శాఖలో అందరి ఫోన్లలోనూ పెట్టించారు. తరవాత పార్టీవాళ్ళకూ ఇప్పించారు. ఎక్కువసార్లు నొక్కినవాళ్ళకు ఆయన పక్కన ఫొటో. బొటనవేలు వాచిపోతే చూపుడువేలితో నొక్కిన కార్యకర్త గురించి పేపర్లో పెద్దగా రాశారు.

పాపం ఆసుపత్రి కంప్యూటర్‌కు “ఉన్నాం, ఉన్నాం” అని జవాబు చెప్పుకోవడంతోనే సరిపోయింది. ఇక పేర్లు ఇచ్చేదెప్పుడు? ఆపరేటరమ్మ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చూసి చూసి, ఆమె మెట్లెక్కి మంత్రిగారి ముందు నిలబడింది.

“ఒక్క పూట ఎవరూ టెస్ట్ నొక్కకుండా ఉంటే పేర్లన్నీ తెచ్చేస్తానండీ.”

“నొక్కకపోతే వాళ్ళు ఉన్నట్టు మనకెలా తెలుస్తుందమ్మా?”

“పేర్లు వస్తే ఉన్నట్టే కదండీ.”

మంత్రిగారు ఆమె అమాయకత్వానికి జాలిపడ్డారు. “అవి వస్తున్నంతసేపూ నా దీపం ఎలా ఉంటుంది?”

“ఆరుతూ వెలుగుతూ ఉంటుందండీ.”

“నా గోడ మీద దీపం కన్నుకొడుతుంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? వద్దమ్మా. దీపం నిలకడగా ఉండాలి. నేనూ నిలకడగా ఉండాలి.”

ఆ వారంలోనే, ఇన్నిసార్లు తలుపు తట్టేవాడు దొంగే అయ్యుంటాడనుకుని ఆసుపత్రి కంప్యూటర్ గడియ పెట్టేసుకుంది. దీపం ఎర్రబడింది. మంత్రిగారు అన్నం మానేశారు. అప్పుడు ఆయన సలహాదారు ఒక గొప్ప ఉపాయం చెప్పాడు. బయటి అడ్రసులన్నీ తీసేసి, వాటి చోట మన కంప్యూటర్ అడ్రసే పెట్టేద్దాం, మనల్ని మనమే అడుగుదాం, మనది మనల్ని ఎప్పుడూ కాదనదు అన్నాడు. అలాగే చేశారు. దీపాలన్నీ పచ్చబడ్డాయి, ఆ పైన ఎవరెంత నొక్కినా చెక్కుచెదరలేదు. దానికి ఆత్మసంధానమని పేరు పెట్టి, మంత్రిగారికి పతకం వేశారు.

తట్టేవాళ్ళు లేక ఆసుపత్రి కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంది. ఆపరేటరమ్మ అక్కడివాళ్ళకు ఫోన్ చేసి, గడియ తీయించి, కొత్త పాస్‌వర్డుతో గుట్టుగా ఇంకో కనెక్షన్ పెట్టుకుంది. దానికి దీపం తగిలించలేదు. పేర్లు వచ్చాయి. దిద్దింది, పైకి పంపింది, మంజూర్లు వెళ్ళాయి. ఆడపడుచుకు మొదటి కన్ను చేశారు. రెండోదానికి పేరు మళ్ళీ ఆ కనెక్షన్ మీదే రావాలి. కట్టు విప్పగానే ఆ పిల్ల వదిన వంక ఎగాదిగా చూసి, “నీ భుజం దగ్గర ఆ కుట్టేంటి వదినా, కళ్ళు మూసుకుని కుట్టారా?” అంది. ఆపరేటరమ్మ నవ్వబోయి ఏడ్చింది.

మంజూర్లు వెళుతున్నాయన్న సంగతి మంత్రిగారి చెవిన పడింది. ఏ దీపం నుంచి వెళుతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. విచారణ జరిపించి, ఆయనే స్వయంగా కింది అంతస్తుకు దిగొచ్చారు. ఉద్యోగం ఊడిందనుకుని ఆపరేటరమ్మ సంచి సర్దుకుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, “ఇంత మంచి కనెక్షన్ను చీకట్లో ఉంచావేంటమ్మా?” అన్నారు. ఆయన వెనకే ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో వచ్చాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వార్డులో టీవీ నిండా అదే వార్త. గోడ మీద అన్నిటికన్నా పెద్ద దీపం. దాని బటన్ను ఈసారి ప్రజలందరి ఫోన్లకూ పంపుతున్నామని మంత్రిగారు చెబుతున్నారు. వార్డులో మంచం మంచానా ఫోన్లు పైకి లేచాయి.

“వదినా, ఈ దీపం నీ కనెక్షన్‌దేనంటగా. ఇక నా రెండో కన్ను ఆగదులే. ఏదీ, ఫోనిటివ్వు, నేనూ ఒకసారి నొక్కుతాను” అంది ఆడపడుచు.

ఆపరేటరమ్మ ఇవ్వలేదు. ఆ పిల్ల పక్క మంచమావిడ ఫోను అడిగి తీసుకుంది.

ఇదంతా మనసులో పెట్టుకోండర్రా. నా తరవాత కూడా ఎవరో ఒకరికి చెబుతూ ఉండండి. దీపాల దగ్గరికొచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి, ఒక్కటి కూడా ఆరలేదని నిదానంగా చెప్పండి.